ఆయుధపూజ కాపలా

ఆ ఏడు దసరాకి మా ఆవిడ ఇంటికొచ్చింది. ఇందులో చెప్పుకోవడానికేముంది అనుకుంటారేమో. పెళ్ళయిన ఆరేళ్ళలో సుస్మిత దసరాకి బెజవాడలో ఉండటం అదే మొదటిసారి. ఉగాదికి వచ్చేది, వినాయక చవితికి వచ్చేది, మా పెద్దమ్మ మనవడి బారసాలకి కూడా సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. దసరా పేరెత్తితే మాత్రం "కుదరదు బావా" అని ఊరుకునేది. కొండ మీద అమ్మవారు రోజుకో అలంకారంలో వెలిగిపోతుంటే, చుట్టుపక్కల ఊళ్ళన్నీ మా ఊరికి తరలివస్తుంటే, కట్టుకున్నది పక్కన లేకుండా క్యూలో నిలబడటం ఎంత నామోషీగా ఉంటుందో బెజవాడ మగవాళ్ళకే తెలుస్తుంది. "అమ్మాయి రాలేదా?" అని ఎవరైనా అడిగితే "డ్యూటీ అండీ" అని నవ్వేవాణ్ణి. నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టేవి.

తను దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక అణువిద్యుత్ కేంద్రంలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఊరి పేరు చెప్పను, తనకి నచ్చదు. నాది ఆటోనగర్లో పానెల్ బోర్డుల షాపు. రైసు మిల్లులకీ, ఐసు ఫ్యాక్టరీలకీ, రొయ్యల చెరువులకీ కరెంటు పానెళ్ళు చేసి ఇస్తాం. మా నాన్న రత్తయ్య మొదలుపెట్టిన షాపు, ఆయన పోయాక నా నెత్తిన పడింది. మా అమ్మ మాణిక్యం సుస్మితకి సొంత మేనత్త. అంటే తను నాకు ముందు మరదలు, తర్వాతే పెళ్ళాం. ఇద్దరం కరెంటు చదువే చదివాం. చదివి తను అక్కడ తేలింది, నేను ఇక్కడ మునిగాను. "మనవల్ని కూడా ఫోన్లోనే కంటార్రా?" అని మా అమ్మ వీధంతా వినేలా అడిగేది.

ఆ ఏడు మాత్రం దారి తెరుచుకున్నట్టే కనిపించింది. గన్నవరం దగ్గర ఒక డిజైన్ కంపెనీ వాళ్ళు సుస్మితని తీసుకుంటామన్నారు. విజయదశమి లోపల ఏదో ఒక మాట చెప్పమన్నారు. పండక్కి సెలవు పెట్టుకుని వస్తాననీ, వచ్చి చూసి చెబుతాననీ తను ఫోన్లో అన్నప్పుడు నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. నాకు కావలసింది ఒక్కటే, తను ఉండిపోవాలి. దాని కోసం పటమటలో మా ఇంటికి రంగులు వేయించాను, వంటగదిలో చిమ్నీ పెట్టించాను, చివరికి తనకి నచ్చదని మీసం కూడా సన్నం చేయించాను.

వచ్చిన పూటనుంచీ తన చెవికి ఫోన్ అతుక్కునే ఉంది. "స్టీఫెన్, తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా?" "స్టీఫెన్, రెండో గది వైపు కూడా ఒకసారి వెళ్ళిరా." అన్నం కలుపుకుంటూ స్టీఫెన్, జడ వేసుకుంటూ స్టీఫెన్.

"ఎవరీ స్టీఫెన్? నాకంటే బాగుంటాడా?" అన్నాను.

"నా కింద పనిచేస్తాడు. పనిమంతుడే. మెతక మనిషి, ఎవరికీ ఎదురు చెప్పలేడు."

"ఎదురు చెప్పాల్సిన పనేముంది?"

"పండగ కదా," అంది. ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. మరదలి మొహంలోకి చూస్తూ కూర్చున్నవాడికి అర్థాలతో పనేముంటుంది.

*

మా షాపుకి మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఆటోనగర్లో ఆయుధపూజ చెయ్యని షెడ్డు ఉండదు. లేతు మిషన్ దగ్గర్నుంచి లారీ జాకీ దాకా అన్నిటికీ పసుపూ కుంకుమా పెడతారు. అయితే అందరూ బయట పెడతారు. మా నాన్న పానెల్ లోపల పెట్టేవాడు. లోపల కరెంటు మోసే అల్యూమినియం పట్టీలుంటాయి, బస్‌బార్లంటాం. వాటిని పట్టుకుని ఎర్రటి దిమ్మలుంటాయి, సపోర్టులంటాం. కరెంటు ఆ పట్టీల్లోంచి ఇనప పెట్టెలోకి దూకకుండా ఆపేవి ఆ దిమ్మలే. కాపాడేది అదే కాబట్టి దానికే బొట్టు పెట్టాలని మా నాన్న లెక్క. దిమ్మ ఎరుపు, కుంకుమ ఎరుపు. కనబడదని ముందు పసుపు అద్ది దాని మీద కుంకుమ దిద్దేవాడు.

అక్కడితో ఆగలేదాయన. ఏటా నవరాత్రుల్లో పాత ఖాతాదార్లందరి దగ్గరికీ వెళ్ళి, కరెంటు ఆపించి, పానెల్ వెనక తలుపు తీసి, మళ్ళీ కొత్త బొట్లు పెట్టి వచ్చేవాడు. "రత్తయ్య గారి పానెల్‌కి లోపల కూడా బొట్టుంటుంది" అని కైకలూరు నుంచి బందరు దాకా పేరు. ఆయన తర్వాత ఆ తిరుగుడు నాదయింది. తోడు మా హెడ్ మిస్త్రీ బాలశౌరి. గుణదల మేరీమాతకి మొక్కుకునే మనిషి, కానీ ఆయుధపూజ వస్తే కుంకుమ పొట్లం అతని జేబులోనే ఉండాలి. ఇంకొకరిని ముట్టుకోనివ్వడు.

ఆ శుక్రవారం బందరు వెళ్ళాల్సి ఉంది. "నువ్వూ రా," అన్నాను సుస్మితతో. పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఖాతాదార్ల దగ్గరికి వెళ్ళాలన్నది నా చిరకాల వాంఛ.

"పూజకేగా, వస్తా," అంది. పట్టుచీర కట్టుకుని వ్యానులో నా పక్కన కూర్చుంది, వెనక బాలశౌరి. ఉయ్యూరు దాటేదాకా దారి పొడవునా ఆకుపచ్చటి వరి. కాలవ నిండుగా పారుతోంది. తను కిటికీ అద్దం దించి మొహానికి గాలి కొట్టించుకుంటూ, "ఇక్కడ గాలికి ఉప్పు ఉండదు బావా," అంది. ఉండిపోతుందని ఆ ఒక్క మాటతో నేను ఖాయం చేసుకున్నాను. ఆశపడ్డ మనసుకి సాక్ష్యాలు తేలిగ్గా దొరుకుతాయి.

*

బందరు రేవు గిలకలదిండిలో ఎల్లారావు గారి ఐసు ఫ్యాక్టరీ. తండ్రి కాలంలో వేట మీద బతికిన కుటుంబం, ఆయన హయాంలో పడవలూ చేపల వ్యాపారమూ ఐసూ అన్నీ కూడాయి. ఆయనా, ఆయన భార్య కొండలమ్మ గారూ మాకోసం వాకిట్లో ముగ్గేసి మరీ నిలబడ్డారు. సుస్మితని చూసి కొండలమ్మ గారు, "ఇన్నాళ్ళకి చూపించారా బాబూ మహాలక్ష్మిని," అని లోపలికి తీసుకెళ్ళి బొట్టు పెట్టి, తలలో పూలు తురిమి తీసుకొచ్చింది. నా ఛాతీ రెండింతలయింది.

కరెంటు ఆపారు. బాలశౌరి పానెల్ వెనక తలుపు బోల్టులు విప్పి పక్కన పెట్టాడు. లోపల వరసగా బొట్లు, ఏడాది మీద ఏడాది, పొర మీద పొర. అట్టడుగువి మా నాన్న చేతివి. నేను గర్వంగా పక్కకి జరిగి సుస్మితకి చోటిచ్చాను.

తను తొంగి చూసింది.

"ఇవేంటి బావా?"

"బొట్లు. మామయ్య పెట్టినవి కూడా ఉన్నాయి చూడు. బయట అందరూ పెడతారు, లోపల పెట్టేది మనమొక్కళ్ళమే."

"ప్రతి పానెల్‌కీనా?"

"ప్రతి దానికీ."

తను చెంగు నడుముకి దోపి, నా ఫోన్ లైటు తీసుకుని దగ్గరగా వంగింది. "ఇటు రా. ఈ పసుపు అంచున చూడు." పసుపు అంచునుంచి ఇనప పెట్టె వైపు వెంట్రుకంత సన్నటి నల్లగీత. చివర్లో రెండుగా చీలింది.

"మసి," అన్నాను.

"మసి కాదు బావా. కాలిన దారి. పసుపూ కుంకుమా సముద్రపు తేమ పీల్చుకున్నాయి. కరెంటు రోజూ కాస్త కాస్త అటు నడుస్తోంది. ఇంకొంచెం నడిస్తే చాలు." అని ఎల్లారావు గారి వైపు తిరిగి, "దీన్ని ఇలాగే ఆన్ చెయ్యొద్దండి," అంది.

"సాయంత్రానికి పడవలొస్తాయమ్మా," అన్నాడాయన మెల్లగా. "ఐసు లేకపోతే సరుకంతా పోద్దండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఖాతాదారు ముందు, మిస్త్రీ ముందు, కట్టుకున్న పెళ్ళామే నా పానెల్‌కి వంక పెట్టింది. "ఇన్నేళ్ళుగా ఏం కాలేదు," అన్నాను కాస్త గట్టిగానే.

తను నాతో వాదించలేదు. వ్యానులోంచి టెస్టు పెట్టె తెమ్మంది. కొత్త పానెల్ ఇచ్చే ముందు ఎక్కువ వోల్టేజి పెట్టి చూసే పెట్టె అది. షట్టర్ దింపించి, అందరినీ దూరంగా నిలబెట్టి, గదిలో దీపాలార్పించింది. పెట్టె మీద మీట నెమ్మదిగా తిప్పమని నాకే చెప్పింది. తిప్పాను. ముందు ఏమీ లేదు. తర్వాత మా నాన్న పెట్టిన బొట్టు అంచున నీలంగా, సన్నగా ఒక వెలుగు పుట్టి జెర్రిలా పాకింది. చిటపటమని చిన్న చప్పుడు. నేను మీట వెనక్కి తిప్పేశాను. బాలశౌరి చీకట్లో శిలువ గుర్తు వేసుకున్నాడని, దీపాలు వెలిగాక అతని చెయ్యి ఇంకా గుండెల మీదే ఉండటం చూసి తెలుసుకున్నాను.

సుస్మిత గుడ్డ అడిగింది. అప్పుడు కొండలమ్మ గారు అడ్డొచ్చింది.

"అమ్మా, ఆగు. బొట్టు తుడవమాకు. శుక్రవారం పూట, అమ్మవారి రోజుల్లో, ముత్తయిదువ చేత్తో బొట్టు తుడుస్తారా? మా మగాళ్ళు సముద్రం మీద ఉన్నారమ్మా."

ఎల్లారావు గారు భార్యని వారించలేదు. బాలశౌరి నేల చూపులు చూశాడు. నిజం చెప్పాలంటే నాకూ చెయ్యి రాలేదు. ఆ బొట్లలో మా నాన్న వేలిముద్రలున్నాయి.

సుస్మిత చేతిలో గుడ్డ కింద పెట్టేసింది. "తుడవను పిన్నిగారూ. ఒక్కటి కూడా చెరగనివ్వను. మీరొక ఇత్తడి పళ్ళెం తెస్తారా?"

పళ్ళెం వచ్చింది. తను స్పానర్ తీసుకుని దిమ్మల్ని ఒక్కొక్కటిగా విప్పింది. బొట్టు బొట్టులాగే ఉండగా పళ్ళెంలో పెట్టింది. పట్టుచీర మోకాళ్ళ దగ్గర గ్రీజయింది. వ్యానులో ఉన్న కొత్త దిమ్మలు బిగించాం. "వీటిని మీ చేత్తో మీరే గంగలో కలపండి పిన్నిగారూ. ఇన్నేళ్ళూ కాపాడాయిగా," అంది. కొండలమ్మ గారు పళ్ళెం కళ్ళకద్దుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రేవు వైపు నడిచింది.

ఆన్ చేసేటప్పుడు సుస్మిత తలుపులన్నీ బిగించాకే చెయ్యనిచ్చింది. "ఎదురుగా నిలబడకు. పక్కకి నిలబడి, మొహం తిప్పుకుని వెయ్యి," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ గొంతుతో తను అక్కడ రోజూ మాట్లాడుతుంది కాబోలు. కంప్రెసర్ అందుకుంది. ఎల్లారావు గారు ఒక పెద్ద పండుగప్ప చేపని ఐసులో పెట్టించి వ్యాను ఎక్కించాడు.

*

తిరుగు దారిలో పామర్రు దగ్గర కాలవ గట్టున టీ కోసం ఆగాం. బాలశౌరి గ్లాసు పట్టుకుని దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. పెద్దవాడు, ఎప్పుడు దూరం జరగాలో తెలుసు.

"ఆ పళ్ళెం ఉపాయం అప్పటికప్పుడు ఎలా తట్టింది?" అని అడిగాను.

"అప్పటికప్పుడు తట్టలేదు బావా. మొదటి ఏడాది మా దగ్గర నేను గుడ్డెట్టి తుడిచా. ఒక పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రిటైరవబోతున్న మనిషి. మర్నాటి నుంచీ నాతో మాట్లాడటం మానేశాడు. అప్పుడు నేర్చుకున్నా."

"మీ దగ్గర కూడానా?"

"మనుషులున్నచోటల్లా ఆయుధపూజ ఉంటుంది. పానెల్ తలుపు తియ్యకూడదని రూలుంది, తాళాలున్నాయి, అన్నీ ఉన్నాయి. ఏడాదంతా ఎవరూ తియ్యరు. పండగనాడు మాత్రం ఎవడికో ఒకడికి ప్రేమ పొంగుతుంది. ఒక్క బొట్టే కదా అనిపిస్తుంది. గుమ్మం దగ్గర ఒక్క కొబ్బరికాయే కదా అనిపిస్తుంది. చెడ్డ బుద్ధితో చేస్తే ఆపటం తేలిక బావా. ప్రేమతో చేసేవాణ్ణి ఎలా ఆపుతాం?"

నేను టీ తాగటం మరిచిపోయాను.

"అందుకని గదుల బయట బల్ల వేస్తా. తెల్ల గుడ్డ పరిచి, తాళాలూ స్పానర్లూ పళ్ళెంలో పెట్టి, పూజంతా అక్కడే చేయిస్తా. పులిహోర నేనే కలుపుతా. పులిహోర ఎక్కడుంటే జనం అక్కడికే వస్తారుగా." నవ్వింది. "రెండు మూడు రోజులు ముందే మొదలవుతుంది హడావిడి. తిరుగుతూ ఉంటా."

"దసరాకి రాకపోయింది అందుకా? ఒక్కసారీ చెప్పలేదేం?"

"చెబితే ఏమంటావ్? కుంకుమకి కాపలా కాస్తున్నావా అని నవ్వేవాడివి."

నవ్వేవాణ్ణే.

"అంత భయమా?" అని అడిగాను. "ఏదో ఒక పానెల్ కాలితే కాలింది. బ్రేకర్ పడిపోతుందిగా."

తను గ్లాసు గట్టు మీద పెట్టింది. "అన్నం దించేశాక పొయ్యిలో నిప్పులు వెంటనే చల్లారవుగా. రియాక్టరూ అంతే, ఆపేసినా లోపల వేడి ఉంటుంది. దానికి నీళ్ళు తిరుగుతూనే ఉండాలి. నీళ్ళు తిరగాలంటే పంపులు, పంపులకి కరెంటు, ఆ కరెంటు వచ్చేది ఆ పానెళ్ళలోంచే. అక్కడ ఒకసారి గాలిలోంచి కరెంటు నడిచిందంటే, నువ్విందాక చూసింది దానికి పురిట్లో పాపాయి. అల్యూమినియం కరగటం కాదు, ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పక్క పానెల్ మీద పడితే అక్కడా అంటుకుంటుంది. పైనున్న కేబుళ్ళకి అంటుకుంటుంది. బ్రేకర్ పడుతుంది, నిజమే. కానీ ఒక్కోచోట జనరేటర్ తిరుగుడు ఆగేదాకా అది కొన్ని సెకన్లు కరెంటు పోస్తూనే ఉంటుంది. ఆ కొన్ని సెకన్ల కోసమే నా ఉద్యోగం. ఏది కాలితే ఏది మిగలాలి, దేనికీ దేనికీ మధ్య గోడ ఉండాలి, ఏ దిమ్మ ఎప్పుడు మార్చాలి. గోడలున్నాయి, రెండో గదిలో రెండో వరస ఉంది, అది పోతే ఇంకోటుంది. భయపడాల్సిందేం లేదు. ఎందుకు లేదంటే, భయపడేవాళ్ళు కొంతమందిమి అక్కడ ఉన్నాం కాబట్టి."

కాలవలో గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా కొట్టుకుపోతోంది. నేను తన చెయ్యి పట్టుకున్నాను. స్పానర్ పట్టిన చెయ్యి, వేళ్ళ కణుపుల దగ్గర గట్టిగా ఉంది. ఆరేళ్ళుగా ఈ చెయ్యి నా పక్కన లేదని ఏడ్చాను గానీ, అది ఎక్కడ ఉందో ఎన్నడూ అడగలేదు. నా మనసులో ఏదో జారింది. అదేమిటో పైకి అనుకోవడానికి భయమేసి వ్యాను ఎక్కాను.

*

ఇంట్లో పెద్ద గొడవే అవుతుందనుకున్నాను. మా అమ్మ గొడవ చెయ్యలేదు, అంతకంటే కష్టమైన పని చేసింది. విన్నదంతా విని, "మీ నాన్న చేతి బొట్లు సముద్రంలో కలిపొచ్చారన్నమాట," అని గదిలోకి వెళ్ళిపోయింది. పండుగప్ప పులుసు అలాగే ఉండిపోయింది.

మర్నాడు సుస్మిత ఆవిడ దగ్గర కూర్చుంది. "అత్తా, మామయ్య బొట్టెందుకు పెట్టాడు?"

"ఎవరికీ ఏమీ కాకూడదని."

"నేనూ అందుకే తీశాను."

నవమి నాడు మా అమ్మ తెల్లారగట్ల లేచి తలంటు పోసుకుని, పూజగదిలోని కుంకుమభరిణె చెంగున కట్టుకుని మాకంటే ముందే షాపుకొచ్చి కూర్చుంది. షెడ్డు బయట బల్ల వేయించి, దాని మీద మా నాన్న వాడిన స్క్రూడ్రైవర్లన్నీ పేర్పించింది. "ఇక్కడ పెట్టండి ఎంత పెడతారో. లోపల చెయ్యి పెడితే విరగ్గొడతా," అని బాలశౌరితో అంది. బాలశౌరి పొట్లం తెరిచి ఒక్కో స్క్రూడ్రైవర్‌కీ శ్రద్ధగా బొట్టు పెట్టాడు. అత్తా కోడళ్ళు పక్కపక్కన నిలబడి హారతి పట్టారు. ఆ ఒక్క గంటలో నాకు ఈ లోకంలో కావలసిందంతా ఆ షెడ్డు ముందు ఉంది. ఇలాగే ఉండిపోనీ అని అమ్మవారిని అడిగాను.

హారతి పళ్ళెం ఇంకా తిరుగుతుండగానే సుస్మిత ఫోన్ మోగింది.

"చెప్పు స్టీఫెన్." తర్వాత చాలాసేపు వినడమే. మొహంలో రంగు మారింది. "ఏ తలుపు? ... ఎవరు తీశారు? ... పెద్దవారైతే మాత్రం? సరే, అది నువ్వు అనలేవు, నాకు తెలుసు. దానికి సప్లై ఉందా, మెయింటెనెన్స్‌కి ఇచ్చిందా? ... ఖచ్చితంగా? నువ్వెళ్ళి కళ్ళతో చూసి చెప్పు. నేను లైన్లోనే ఉంటా."

లైన్లోనే ఉంది. చుట్టూ డప్పులు, పక్క షెడ్డులో గుమ్మడికాయ కొడుతున్న కేకలు. తను రెండో చెవి వేలితో మూసుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. ఎవరో ప్రసాదం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి, "దేవుడు నీకు మేలు చేస్తాడు స్టీఫెన్. దిమ్మలు విప్పించి మార్చెయ్. తుడవకు," అని ఫోన్ పెట్టేసింది.

ఎవరో పెద్దాయన బొట్టు పెట్టడానికి తీసింది, కరెంటు లేని, రిపేరుకి ఇచ్చిన పెట్టె తలుపే. ఆ పక్కదానికి కరెంటు ఉంది. అక్కడికి ఒక అడుగు ముందే అందరూ ఆగారు. సుస్మిత స్టూలు మీద కూర్చుంది. మా అమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి తనే పట్టి తాగించింది.

*

విజయదశమి సాయంత్రం కృష్ణలో అమ్మవారి తెప్పోత్సవం. ఘాట్ మెట్ల మీద ఇసకేస్తే రాలని జనం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మా అమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఉండమని అడుగు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వడిగితే ఉంటుందిరా," అంది. ఆగి, "అడగాలో వద్దో మాత్రం నాకు తెలీదు," అంది.

దీపాలతో హంసతెప్ప నీళ్ళ మీదకి వచ్చింది. జనం ఒక్కసారి లేచి నిలబడ్డారు. సుస్మిత నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది, తప్పిపోతానేమో అన్నట్టు.

"గన్నవరం వాళ్ళకి ఇవాళే చెప్పాలి," అంది.

"ఊఁ."

"నువ్వు ఉండమను బావా. ఉంటాను. నీ మీద ఒట్టు, తర్వాతెప్పుడూ నిన్ను సాధించను. నాకూ ఉండాలనే ఉంది. పొద్దున్నే లేచి నీ మొహం చూడాలని ఉంది. నువ్వు ఒక్క మాట అను."

ఆరేళ్ళుగా నిద్రలో కూడా తిప్పిన మాట. నాలుక చివర ఉంది. అంటే తను ఉండిపోతుంది, నాకు తెలుసు. మర్నాటి నుంచీ మా ఇంట్లో వంట చేసుకుంటుంది, గన్నవరం వెళ్ళొస్తుంది, రాత్రి నా పక్కన పడుకుంటుంది. వచ్చే దసరాకి హారతి పళ్ళెం పట్టుకుని షెడ్డు ముందు నిలబడుతుంది. నిలబడి ఫోన్ వైపు చూస్తుంది. స్టీఫెన్ ఫోన్ చెయ్యడు, ఎందుకంటే అప్పటికి తను ఎవరో అతనికి అక్కర్లేదు. ఎవరు ఏ తలుపు తీస్తున్నారో తెలియకుండా తను ప్రసాదం తింటుంది. నాకు సుస్మిత కావాలి. అలా తినే సుస్మిత ఎలా ఉంటుందో ఊహకి అందలేదు.

"చెన్నై బండికి టికెట్లు ఇప్పుడు దొరుకుతాయంటావా?" అన్నాను.

తను నా వైపు తిరిగింది. తెప్ప వెలుగు తన మొహం మీద కదులుతోంది. కళ్ళు నిండాయి, కారనివ్వలేదు.

"తత్కాల్‌లో చూడాలి," అంది. నా చొక్కా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత దీపావళి దాకా నేనూ బాలశౌరీ మా నాన్న తిరిగిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరిగాం. కైకలూరు, కలిదిండి, చల్లపల్లి, అవనిగడ్డ. ప్రతిచోటా పళ్ళెం అడిగాం, దిమ్మలు విప్పాం, కాలవలో కలిపించాం. ఇప్పుడు మా పానెళ్ళకి లోపల బొట్టుండదు. కొందరు ఖాతాదార్లు అలిగారు, వాళ్ళని బతిమాలుకున్నాను. అలాంటప్పుడు సుస్మిత పక్కనుంటే ఎంత బాగుండునో అని ప్రతిచోటా అనిపించింది.

నిన్న నవమి. మా అమ్మా నేనూ బల్ల దగ్గర హారతి ఇచ్చాం. క్యూలో ఒక్కణ్ణే నిలబడి అమ్మవారిని చూసొచ్చాను. మధ్యాహ్నం దాటాక, అక్కడ బల్ల ఎత్తేసి గదులకి తాళాలు సరిచూసుకున్నాక, ఆ దసరా నుంచీ ఏటా చేసినట్టే సుస్మిత ఫోన్ చేసింది. గొంతు అలిసిపోయి ఉంది, సంతోషంగా ఉంది.

"అయిపోయింది బావా. ఇక్కడేమీ కాలేదు. అక్కడ?"

"ఇక్కడ కూడా ఏమీ కాలేదు," అన్నాను. కాలవ గట్టున తను చెప్పిందే నిజం, భయపడేవాళ్ళు ఉన్నచోట ఏమీ కాదు.